మా హాస్టల్లో విప్పిన టీవీ గేమ్ డబ్బా, దాని వెనక చరిత్ర

పామర్రు నుంచి రాస్తున్నాం. ఏ హాస్టలో, ఏ రూమో చెప్పం, ఎందుకంటే ఈ గ్రూపులో వార్డెన్లు కూడా ఉన్నారని మాకు అనుమానం. ఇక్కడ ఎక్కువగా పోరాటాల చరిత్ర, జీవోల సంగతులు, స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడుతుందనే గోల వస్తుంటాయి. మేం రాసేది వీడియో గేమ్ చరిత్ర. పోస్టు పెద్దదే. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మాలో ఒకడి నాన్న పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరి అమ్ముతాడు. సంక్రాంతి సెలవులకి వాడు ఇంటికెళ్లి వస్తూ గోనెసంచిలో ఒక టీవీ గేమ్ డబ్బా, నాలుగు క్యాసెట్లు, పిన్ను విరిగిన ఒక రిమోట్ పట్టుకొచ్చాడు. డబ్బా మీద కంపెనీ పేరు అరిగిపోయింది. క్యాసెట్ మీద మాత్రం 9999999 ఇన్ 1 అని రంగురంగుల్లో ఉంది. మా వయసు వాళ్లకి చిన్నప్పుడు ఈ డబ్బా ఊళ్లో ఒక్కళ్లింట్లోనో ఇద్దరింట్లోనో ఉండేది. మేం కిటికీ బయట నిలబడి చూసినవాళ్లం. చేతిలోకి రావడం ఇదే మొదలు.

అడాప్టర్ లేదు. పక్క టౌన్లో ఒక షాపుకి డబ్బా తీసుకెళ్లి దీనికి సరిపోయేది కావాలని అడిగాం. ఆయన డబ్బా వంక చూశాడు, మా వంక చూశాడు, "ఎక్కడ కొట్టుకొచ్చార్రా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మావాడు ఏమీ అనకుండా డబ్బా తీసుకుని బయటికొచ్చేశాడు. ఆ మాట మీద ఆ రాత్రి రూములో చాలాసేపు మాట్లాడుకున్నాం, ఆ మాటలోంచే ఈ పోస్టు పుట్టింది. ఎందుకంటే తర్వాత తవ్వి చూస్తే ఆ డబ్బా చరిత్ర మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఎవరిది ఎవరు తీసుకున్నారు, ఎవరు ఎవర్ని దొంగ అన్నారు అని.

అసలు మొదలు జపాన్‌లో. 1983 జూలై 15న నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే గేమ్ మిషన్ అమ్మకానికి పెట్టింది. ధర 14,800 యెన్లు. దాన్ని డిజైన్ చేసిన ఇంజినీరు మసయుకి ఉయెమురా. లోపలి చిప్పులు రికో అనే కంపెనీ చేసింది. అయితే ఆ ప్రాసెసర్ కూడా వాళ్లు సొంతంగా పుట్టించింది కాదు. 1975లో అమెరికాలో ఎంఓఎస్ టెక్నాలజీ వాళ్లు 25 డాలర్లకే అమ్మిన 6502 చిప్పు దాని గుండెకాయ. రికో వాళ్లు అందులోంచి డెసిమల్ మోడ్ అనే ఒక భాగం పనిచేయకుండా చేసి, పక్కనే శబ్దం పుట్టించే సర్క్యూట్ కలిపారు. అంటే 'అసలు' అని మనం అనుకునే దానికే ఒక అతుకు ఉందన్నమాట. వేగం సెకనుకి 18 లక్షల చుట్టూ, మెమరీ 2 కేబీ. మా చేతిలో ఉన్న చౌక ఫోన్లో ఒక ఫొటో పట్టే జాగాలో అలాంటి వెయ్యి మిషన్ల మెమరీ పడుతుంది.

ఫ్యామికామ్‌లో తాళం లేదు. ఇదే ముఖ్యం. 1985లో అమెరికాలో అమ్మడానికి అదే మిషన్‌ని ఎన్ఈఎస్ అని పేరు మార్చినప్పుడు నింటెండో వాళ్లు లోపల ఒక తాళం చిప్పు పెట్టారు. మిషన్లో ఒకటి, క్యాసెట్లో ఒకటి. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒప్పుకుంటేనే గేమ్ నడుస్తుంది. జపాన్ మిషన్‌కి అది లేదు. 60 పిన్నుల క్యాసెట్ ఏది గుచ్చినా నడుస్తుంది. మా డబ్బా మూత తీసి లెక్కపెట్టాం, 60 పిన్నులే.

అక్కడ్నించి తైవాన్. యూఎంసీ అనే చిప్పుల కంపెనీ 1980ల చివర్లో రికో చిప్పులకి నకలు తయారు చేసింది. బొమ్మ వేసే చిప్పు యూఏ6538, ప్రాసెసర్ యూఏ6527పీ. వాటితో ప్రపంచమంతా డబ్బాలు పుట్టాయి. రష్యాలో 1992లో స్టీప్లర్ అనే కంపెనీ డెండీ అనే పేరుతో అమ్మింది. అక్కడి పిల్లలకి నింటెండో పేరే తెలీదు, డెండీయే తెలుసు. పోలండ్‌లో పెగాసస్. చైనాలో సుబోర్ వాళ్లు కీబోర్డు తగిలించి చదువుకునే మిషన్ అని అమ్మారు, జాకీ చాన్ ప్రకటనలో కనిపించాడు. మన దేశంలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లు. ఆ తర్వాత ఏ పేరూ లేని డబ్బాలు. 1991కి ముందు విదేశీ ఎలక్ట్రానిక్ సామాను మీద ఎంత కట్టడి ఉండేదో ఎకనామిక్స్ చదివేవాళ్లకి తెలుసు. తలుపులు తెరుచుకున్నాక బజారుకి చేరింది ఖరీదైన జపాన్ మిషన్ కాదు, ఈ నకళ్లు. విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి బజార్ల నుంచి తిరనాళ్ల బొమ్మల కొట్ల దాకా పాకింది ఇవే.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి, మాకు బాగా నచ్చింది కాబట్టి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి 60 సార్లు తెర గీస్తాయి. మన దూరదర్శన్ కాలం నాటి పాల్ టీవీలు 50 సార్లు. ఒక తెరలో గీతలు అక్కడ 262, ఇక్కడ 312. ఆ 50 గీతల తేడా వల్ల జపాన్ గేమ్ ఇక్కడ సరిగ్గా నడవకూడదు. తైవాన్ వాళ్లు చేసిన పని ఏంటంటే, ఆ ఎక్కువైన 50 గీతలసేపు చిప్పుని ఏ పనీ చేయకుండా ఖాళీగా కూర్చోబెట్టారు. ఆ ఖాళీ గడిచాకే "తెర అయిపోయింది" అని గేమ్‌కి కబురు వెళ్తుంది. గేమ్ ఏ తేడా పసిగట్టకుండా నడిచిపోతుంది. కానీ పాట మాత్రం ఆరో వంతు నెమ్మదిస్తుంది. మేం ఫోన్లో అసలు మారియో పాట విన్నప్పుడు ఎవరో తరుముతున్నట్టు వినిపించింది. మన చెవుల్లో ఉన్న మారియో పాట నెమ్మదిది. అది తైవాన్ చిప్పు పాట. నకలు అనుకున్నది ఇక్కడి టీవీకి తగ్గట్టు మళ్లీ ఆలోచించి చేసిన సరుకు. ఇది తెలిశాక "డూప్లికేట్" అనే మాట అంత తేలిగ్గా మా నోట రావట్లేదు.

ఇక క్యాసెట్లోకి వద్దాం. 9999999 గేములు అని రాసిన దాంట్లో మేం లెక్కేస్తే నిజంగా వేరువేరు గేములు ఏడు. మిగతావన్నీ అవే, పేరు మార్చి. కానీ ఆ మోసంలో కూడా ఒక విద్య ఉంది. మారియో మొత్తం 40 కేబీ, అందులో 32 ప్రోగ్రాం, 8 బొమ్మలు. బ్యాటిల్ సిటీ, అంటే మన టాంకుల గేమ్, 24 కేబీ. ప్రాసెసర్‌కి క్యాసెట్లో ఒకేసారి 32 కేబీ మాత్రమే కనిపిస్తుంది. పెద్ద గోడౌన్‌కి ఒకటే కిటికీ ఉన్నట్టు. మెనూలో మనం ఒక నంబర్ నొక్కగానే ఒక చిన్న చిప్పు ఆ కిటికీని జరిపి ఇంకో గేమ్ ముందు పెడుతుంది. అందుకే ఈ క్యాసెట్లలో చిన్న గేములే ఎక్కువ. బైకుల గేమ్ ఎక్సైట్‌బైక్, ఐస్ క్లైంబర్, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, బాతుల గేమ్. ఒకే మారియోని పది పేర్లతో చూపించడానికి వాళ్లు ప్రాణాల సంఖ్య ఉండే బైటు, ఏ లోకంలో మొదలవ్వాలో చెప్పే బైటు మార్చి వదిలారు. మారియోలో ప్రాణాల లెక్క మెమరీలో 075ఏ అనే గదిలో ఉంటుంది. ఆ గదిలో అంకె తగ్గకుండా ఆపితే చాలు, మారియోకి చావే లేదు. మేం ఫోన్లో చేసి చూశాం. మొదటిసారి పనిచేసినప్పుడు రూమంతా అరిచాం, పక్క రూమ్ వాళ్లొచ్చి క్రికెట్ స్కోరెంత అని అడిగారు.

కాంట్రా 30 ప్రాణాల కథ మీకు తెలిసే ఉంటుంది. పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ. దాన్ని పెట్టింది కొనామి కంపెనీలో కజుహిసా హషిమొటో అనే ఆయన. 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ని ఫ్యామికామ్‌కి మారుస్తూ, తనకే ఆ గేమ్ ఆడడం కష్టమై, పరీక్ష చేసుకోడానికి పెట్టుకున్న దొడ్డిదారి అది. తీసేయడం మర్చిపోయాడు. తర్వాత 1988లో కాంట్రాలోకి వచ్చింది. ఆయన 2020లో చనిపోయారు. మన దగ్గర క్యాసెట్లలో అయితే ఆ వరస నొక్కే పని కూడా లేదు, మెనూలోనే కాంట్రా 30 అని విడిగా ఉంటుంది.

టాంకుల గేమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాం. 1985లో నామ్కో వాళ్లు చేసిన బ్యాటిల్ సిటీలో కన్‌స్ట్రక్షన్ అని ఒకటుంటుంది, గుర్తుందా? 13 గళ్లు నిలువు, 13 గళ్లు అడ్డం. ఇటుకలు, ఉక్కు, నీళ్లు, చెట్లు, మంచు మనకిష్టమైనట్టు పేర్చుకుని ఆడొచ్చు. కరెంటు పోతే అంతా పోతుంది. మన కరెంటు సంగతి తెలుసు కదా. అయినా సొంతంగా గేమ్ కట్టుకోవచ్చని చాలామంది పిల్లలకి మొదట చెప్పింది ఆ గేమే అని మా నమ్మకం. తర్వాత వేరేవాళ్లు దాన్ని విప్పి టాంక్ 1990 అని ఇంకోటి చేశారు. కొత్త మ్యాపులు, నీళ్ల మీద వెళ్లే పడవ, ఉక్కుని పగలగొట్టే తుపాకీ. నామ్కో అనుమతి లేదు. కానీ మా సీనియర్ అన్నలు ఆడింది, ఇప్పటికీ బాగుందనేది ఆ రెండోదే.

ఇంతకీ ఇది దొంగతనమా? మేం రెండు రోజులు కొట్టుకున్నాం దీని మీద. మాలో లా చదవాలనుకునేవాడు ఒకడున్నాడు, వాడు చెప్పిన తేడా ఇది. మిషన్ డిజైన్ మీద పేటెంట్ ఉంటుంది, దానికి 20 ఏళ్ల గడువు. అది తీరిపోయాక అలాంటి చిప్పు ఎవరైనా చేసుకోవచ్చు. గేమ్ మీద ఉండేది కాపీరైట్, అది ఇంకా ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కింద కూడా గేమ్ ఒక కంప్యూటర్ ప్రోగ్రామే. కాబట్టి క్యాసెట్లో కాపీ కొట్టి అమ్మడం తప్పే, అందులో వాదన లేదు. మరి కొనుక్కున్నవాడు తన గేమ్‌లో అంకె మార్చుకుంటే? అమెరికాలో దీని మీద కేసే నడిచింది. గేమ్ జీనీ అని కోడ్‌మాస్టర్స్ వాళ్లు ఒక పరికరం చేశారు, మిషన్‌కీ క్యాసెట్‌కీ మధ్య గుచ్చితే ప్రాణాలు, బలాలు మార్చేది. నింటెండో దావా వేసింది. అమ్ముతున్న గాలూబ్ కంపెనీయే గెలిచింది, 1992లో పైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. కొనుక్కున్నవాడు ఇంట్లో ఆటని మార్చుకుని ఆడుకోవడం కాపీ కొట్టడం కాదని తేలింది.

మేం ఎందుకు ఇంతగా పట్టుకున్నామంటే, మాలో ఇద్దరు ఎరుకల వాళ్లు. 1871లో తెల్లవాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911 సవరణతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన కృష్ణా జిల్లా అప్పుడు అందులోదే. పుట్టిన పిల్లాడు ఏమీ చేయకముందే దొంగ. ఆ చట్టం 1952లో రద్దయింది. షాపులో అన్న మాట మాత్రం ఈ ఏడాదిది. తెర మీద పెద్ద కంపెనీ పాత 6502ని తీసుకుని కొంచెం మారిస్తే అది ఇంజినీరింగు. గోనెసంచిలో నాన్న ఏరుకొచ్చిన డబ్బా కొడుకు చేతిలో ఉంటే "కొట్టుకొచ్చార్రా". కాపీ క్యాసెట్లు అమ్మినవాళ్లని మేం వెనకేసుకు రావట్లేదు. ఆ మాట ఎవరి మీద ఎంత త్వరగా పడుతుందో చెప్తున్నాం అంతే.

సరే, డబ్బా నడిపించిన సంగతి. అడాప్టర్ చివరికి పాతది ఒకటి దొరికింది, 9 వోల్టులు అని ఉంది. గుచ్చాం. చిన్న చిటపట, కాలిన వాసన. జపాన్ ఫ్యామికామ్ నుంచి వచ్చిన అలవాటు ప్రకారం వీటిలో చాలావాటికి పిన్ను మధ్యలో నెగెటివ్ ఉండాలి. మాది పాజిటివ్. ఎవర్నీ అనడానికి లేదు, చూసుకోకుండా గుచ్చింది మేమే. అదృష్టం బాగుండి పోయింది 7805 రెగ్యులేటర్ ఒక్కటే. 9 వోల్టుల్ని 5 చేసే మూడు కాళ్ల ముక్క. టీవీ మెకానిక్ దగ్గర పది పదిహేను రూపాయలకి దొరుకుతుంది. పాలిటెక్నిక్ చదివే మా సీనియర్ అన్న మార్చి పెట్టాడు.

తర్వాత తెర. ఈ డబ్బాలు యాంటెన్నా వైరుతో, టీవీలో ఛానల్ ట్యూన్ చేసుకుని చూడాల్సినవి. కొత్త టీవీల్లో అదో తలనొప్పి, బొమ్మంతా ఇసుక పోసినట్టు. లోపల ఒక చిన్న రేకు డబ్బీ ఉంటుంది, అదే బొమ్మనీ శబ్దాన్నీ రేడియో తరంగంగా మార్చేది. దాంట్లోకి నాలుగు వైర్లు వెళ్తాయి. బొమ్మ, శబ్దం, 5 వోల్టులు, గ్రౌండు. డబ్బీలోకి వెళ్లకముందే బొమ్మ వైరునీ శబ్దం వైరునీ పట్టుకుని, బొమ్మకి ఒక ట్రాన్సిస్టర్ ఆసరా ఇచ్చి, పసుపు తెలుపు పిన్నులకి కలిపితే చాలు. బొమ్మ కడిగినట్టు వచ్చింది. ఈ మాత్రం పనిని బయట దేశాల్లో మోడింగ్ అంటారు, దానికి పెద్ద పేరు. మన ఊళ్లో టీవీ మెకానిక్‌లు ఎప్పట్నించో చేస్తున్నదే.

క్యాసెట్ పనిచేయకపోతే ఊదేవాళ్లం గుర్తుందా? ఊదొద్దు. నోటి తడికి రాగి పిన్నులు చిలుం పడతాయి, అసలే మన డెల్టా గాలికి చెమ్మ ఎక్కువ. ఊదినాక పనిచేసింది ఊదడం వల్ల కాదు, తీసి మళ్లీ గుచ్చడం వల్ల. పెన్సిల్ రబ్బరుతో పిన్నులు రుద్దితే చాలు. బాతుల గేమ్ తుపాకీ మాత్రం కొత్త టీవీల మీద పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయ్యి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది, తుపాకీలో ఉన్న కన్ను ఆ వెలుగుని చూస్తుంది. పాత గాజు టీవీ ఆ క్షణానికి అందేది, కొత్తవి ఆలస్యంగా గీస్తాయి.

2008 ప్రాంతంలో డెరెక్ లోమాస్ అనే అమెరికా విద్యార్థి, ఇలా కీబోర్డుతో అమ్మే చౌక టీవీ కంప్యూటర్లని చూసి, వీటి మీద చదువుకునే గేములు చేస్తే పేద పిల్లలకి కంప్యూటర్ దొరికినట్టే కదా అని ప్లేపవర్ అనే సంస్థ మొదలుపెట్టాడు. 2009లో మెకార్థర్ ఫౌండేషన్ డబ్బు కూడా వచ్చింది. చౌక సెల్‌ఫోన్లు వచ్చేసరికి ఆ టీవీ కంప్యూటర్ల కాలం అయిపోయింది. అదే 2009లో హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ వాళ్లు ప్లేస్టేషన్ 2కి 'హనుమాన్: బాయ్ వారియర్' చేశారు. హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర వాళ్లు కబడ్డీ, బిళ్ళంగోడు లాంటి ఆటలతో 'దేశీ అడ్డా' చేశారు. మన ఆటలు తెర మీదికి వచ్చాయి, మన గూడెం, మన తాండా రాలేదు. రావాలంటే ఎవరు చేస్తారు?

అందుకే మేం టాంకుల గేమ్ ఫైలుని విప్పాం. నెట్‌లోంచి దించిన ఫైలే, అది సరైన పద్ధతి కాదని మాకు తెలుసు, అందుకే ఎవరికీ పంచట్లేదు, అడగొద్దు. అందులో బొమ్మలన్నీ 8 చుక్కలు నిలువు 8 చుక్కలు అడ్డం ఉండే గళ్లు, ఒక్కోటి 16 బైట్లు, మొత్తం 512 గళ్లు. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. తెలుగు అక్షరం కూర్చోదు. 'క'కి ఒత్తు వచ్చిందంటే నాలుగు గళ్లు. మాలో లంబాడా తమ్ముడు వాళ్ల అమ్మని పిలిచే మాట 'యాడి' తెర మీద రావాలన్నాడు, ఆ రెండక్షరాలకే ఎనిమిది గళ్లు పోయాయి. కానీ వచ్చింది. వాడు ఫొటో తీసి తాండాకి పంపాడు.

ఆ గేమ్‌లో కింద మధ్యలో ఇటుకల గోడ లోపల ఒక గద్ద ఉంటుంది, దాన్ని కాపాడాలి. నాలుగు గళ్ల బొమ్మ. దాని చోట గుడిసె గీశాం. గీసింది మా యానాది తమ్ముడు. వాళ్లది కాలవ గట్టు మీద ఇల్లు, వాడికి పద్దెనిమిదేళ్లు వచ్చేలోపు రెండుసార్లు తీసి వేరేచోట వేసుకున్నారు. గద్దకి రెండో బొమ్మ ఉంటుంది, గుండు తగిలి కూలిపోయాక కనిపించేది. అక్కడ ఏం గీయాలో మాకు తోచలేదు. మంట గీద్దాం అన్నారు ఒకరు. విరిగిన వాసాలు అన్నారు ఇంకొకరు. వాడు కాసేపు చూసి, "ఇల్లు పీకినాక ఆడ మిగిలేది పొయ్యి రాళ్లే" అని మూడు చుక్కలు పెట్టాడు. అదే ఉంచేశాం.

ఇప్పుడది ఫోన్లో నడుస్తోంది. డబ్బాలో నడవాలంటే చిప్పులోకి ఎక్కించాలి. అదే గోనెసంచిలో పాత ఎస్టీడీ బూత్ బిల్లు మిషన్ బోర్డు ఒకటి దొరికింది, దాని మీద నెత్తిన గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ చిప్పులు రెండున్నాయి. ఆ కిటికీలోంచి అల్ట్రావయొలెట్ వెలుగు పడితే పాత రాత చెరిగిపోతుంది, కొత్తది రాసుకోవచ్చు. చెరిపే మిషన్ మాకు లేదు. ఎండలో వారం పెట్టినా చెరుగుతుందట. రాసే పరికరం సీనియర్ అన్న కాలేజీ నుంచి అడిగి తెస్తానన్నాడు.

రెండు చిప్పులూ నాలుగు రోజుల నుంచి హాస్టల్ డాబా మీద టిఫిన్ ప్లేటులో ఉన్నాయి. కాకులు ఎత్తుకుపోకుండా మధ్యాహ్నాలు వంతులేసుకుని కాపలా కాస్తున్నాం. ఇవాళ సాయంత్రం గుడివాడ వైపు మబ్బు పట్టింది.